కథల గంటకి పుస్తకం ఎవరు ఏరాలి?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో మొన్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం చదివాను. గ్రంథాలయాల్లో పిల్లలకి కథలు చెబుతామని కూర్చోబెట్టి ఏవో పిల్లీ ఎలుకా బొమ్మల పుస్తకాలు చదివి పంపేస్తున్నారనీ, వాటిలో నీతి అన్నదే ఉండటం లేదనీ, అంతకంటే పంచతంత్రం ఒకటి తీసుకుని వరసగా చెప్పుకుంటూ పోతే సరిపోయేదనీ ఆయన రాశారు. పిల్లల మీద ప్రేమతోనే రాశారు, ఆ సంగతి తెలుస్తూనే ఉంది. కానీ 'ఏ పుస్తకం చేతికి దొరికితే అది చదివేస్తున్నారు' అన్న మాట మాత్రం నాకు గుచ్చుకుంది. గుంటూరు జిల్లాలో ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరైన దాన్ని, ఇప్పటికీ ఆదివారాలు అక్కడికే వెళ్ళి పిల్లలకి పుస్తకాలు చదివి వినిపిస్తుంటాను, దాన్నే మేం కథల గంట అంటాం. అందుకని అసలు ఆ పుస్తకం చేతికి ఎలా దొరుకుతుందో, దొరికినవాటిలో ఏది చాప మీద కూర్చున్న పిల్లల దాకా వస్తుందో, ఏది మధ్యలోనే ఆగిపోతుందో చెబుదామని ఇది రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి.

ముందు నీతి సంగతి తేల్చేద్దాం. మన తెలుగిళ్ళలో ఊహ తెలిశాక పిల్లలు వినే మొదటి కథల్లో ఒకటి ఏడు చేపల కథ. అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు, వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండేస్తే అందులో ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపుని అడిగితే ఆవు మేయలేదంది, అక్కణ్ణుంచి ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ చివరికి చీమ దగ్గర తేలుతుంది వ్యవహారం. 'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?' అంటుంది చీమ. దీనిలో నీతి ఏమిటో ఎవరైనా చెప్పండి. చీమ పుట్టలో వేలు పెట్టకూడదనా? ఎన్ని తరాల అమ్మమ్మలు చెప్పారో ఈ కథని, ఒక్కరైనా చివర్లో 'కాబట్టి నాయనా' అని మొదలుపెట్టలేదు. చెప్పడం అయిపోగానే పిల్లలు 'మళ్ళీ చెప్పు' అంటారు, అంతే.

ఈ కథ అంతలా ఎందుకు నిలబడిందో ఆలోచిస్తే పుస్తకం ఏరే పని సగం అయిపోయినట్టే. ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది, ప్రతిసారీ ఎదురుగా కొత్త మనిషో కొత్త జంతువో ఉంటారు, రెండు మూడుసార్లయ్యాక తర్వాతి మాట ఏమిటో పిల్లలకే తెలిసిపోయి మనకంటే ముందు అరుస్తారు, చివర్లో అనుకోని జవాబు. కొత్త బొమ్మల పుస్తకం చేతికి రాగానే నేను మొదట వెతికేది అదే. పిల్లలు గొంతు కలపడానికి ఇందులో చోటుందా, లేక నేనొక్కదాన్నే చదువుతూ పోవాలా? మూడు నాలుగేళ్ళ పిల్లలైతే ఆ చోటు లేని పుస్తకాన్ని ఎంత మంచిదైనా పక్కన పెట్టేస్తాను.

పంచతంత్రం మీద నాకు కోపమేమీ లేదండీ. కానీ అది విష్ణుశర్మ రాజుగారి కొడుకులకి లోకం తీరు నేర్పడానికి చెప్పినట్టుగా ఉన్న కథల సంపుటి. ఎవర్ని నమ్మాలి, స్నేహితుల్ని ఎలా విడగొడతారు, శత్రువు ఎక్కడ దెబ్బ కొడతాడు, అందులో ఉన్నవన్నీ ఇలాంటి సంగతులే. పరవస్తు చిన్నయసూరి 1853లో అందులోంచి తీసుకుని నీతిచంద్రిక రాస్తే తరతరాలు బడిలో పాఠంగా చదువుకున్నాం, బాగానే ఉంది. పదేళ్ళు దాటినవాళ్ళకి ఇప్పటికీ ఆ కథలు నేను చెబుతాను, ఎత్తులూ జిత్తులూ వాళ్ళకి భలే నచ్చుతాయి కూడా. అదే చిన్నపిల్లలకి కోతీ మొసలీ కథ చెప్పి చూడండి. కోతి తెలివిగా తప్పించుకుంది కదా అని మనం సంబరంగా ముగిస్తాం. మా దగ్గర ఒక పిల్ల వెంటనే 'మరి మొసలి పెళ్ళాం ఏం తింది మేడమ్?' అని అడిగింది. దానికి జవాబు ఏ పంచతంత్రంలోనూ లేదు. ఆ పిల్ల ఆలోచన తప్పని కూడా నేను అనలేను, ఒంట్లో బాగాలేక పడుకున్న ఆవిడ గురించి అడుగుతోంది పాపం. ఇక కథ చివర లావు అక్షరాల్లో 'నీతి:' అని అచ్చేస్తారే, ఆ పేజీ రాగానే వెనక వరస పిల్లలు లేచి చెప్పులు వెతుక్కుంటారు.

సరే, ఇక పుస్తకం ఎలా ఏరతామంటే, ముందుగా దాన్ని పైకి చదవాలి. మనసులో చదువుకుంటే లాభం లేదు. పొద్దున్న పేపర్లు చదివేవాళ్ళు వెళ్ళిపోయాక హాలు ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు ఎదురుగా పిల్లలున్నట్టే గొంతెత్తి చదువుతాను. చూసేవాళ్ళకి పిచ్చిదానిలా కనిపిస్తానేమో, మా అటెండరుకైతే అలవాటైపోయింది. కంటికి చక్కగా ఉన్న వాక్యాలు నోటికి వచ్చేసరికి ఎలా తగులుకుంటాయో అప్పుడే తెలుస్తుంది. 'ఆ దృశ్యమును గాంచిన కుందేలు ఆశ్చర్యచకితురాలయింది' అని ఉంటుంది పుస్తకంలో, పక్కనే బొమ్మలో కుందేలు నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది. 'కుందేలు నోరు తెరిచింది' అని రాస్తే ఎవరికి ఏం పోయిందో నాకు అర్థం కాదు. ఒకటి రెండు చోట్లయితే చదివేటప్పుడు నేనే సర్దుకుంటాను, పేజీ పేజీకీ సర్దాల్సి వస్తే మాత్రం ఆ పుస్తకం కథల గంటకి పనికిరాదు. వేరే ప్రాంతపు మాటలుంటే వాటి జోలికి వెళ్ళను. బర్రె అని ఉంటే బర్రె అనే చదువుతాను, బొమ్మ ఉంది కదా, మా గేదెల ఊరి పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

తర్వాత బొమ్మ. పుస్తకాన్ని కుర్చీలో నిలబెట్టి గుమ్మం దాకా వెనక్కి నడుస్తాను. అక్కణ్ణుంచి చూస్తే ఎవరు ఎవరో తెలియాలి. తెలియకపోతే చివరి వరస పిల్లకి అది రంగుల మరక కిందే లెక్క. పాత చందమామల్లో బొమ్మలు ఎంత అందంగా ఉన్నా కథల గంటలో చూపించడానికి పనికిరావు, అవి ఒళ్ళో పెట్టుకుని ఒక్కళ్ళే చూసుకోవాల్సినవి. ఆ కథల్ని పుస్తకం మూసేసి నోటితో చెప్పడమే బాగుంటుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకం పాత సోవియట్ పుస్తకాలు. మాస్కోలోని రాదుగా ప్రచురణాలయం వాళ్ళు తెలుగులో అచ్చేసి పంపితే విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో కారుచౌకగా అమ్మేవాళ్ళు. పెద్ద సైజు, పేజీ నిండా బొమ్మ, కింద రెండు వాక్యాలు. మంచు ఎప్పుడూ చూడని మా పిల్లలు ఆ మంచులో ఎలుగుబంట్ల వెంట నడిచిపోతారు, ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. 1991 తర్వాత ఆ పుస్తకాలు రావడం ఆగిపోయింది. వాటిలో కొన్నిటిని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళు మళ్ళీ వేశారు గనుక సరిపోయింది.

పేజీ ఎక్కడ తిప్పాలన్నది ఇంకో సంగతి, దీన్ని మన ప్రచురణకర్తలు చాలామంది పట్టించుకోరు. 'తలుపు వెనక ఎవరున్నారు?' అని ఎడమ పేజీలో అడిగి, కుడి పేజీలో పులి బొమ్మ వేసేస్తారు. నేను ప్రశ్న చదవకముందే పిల్లలు పులి పులి అని అరిచేస్తారు, ఇంకేముంది చదవడానికి! పేజీ తిప్పాకే పులి కనబడాలి. తిప్పబోయే ముందు నేను ఒక్క క్షణం ఆగుతానే, ఆ ఆగినంతసేపే పిల్లలు నిజంగా ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. పుస్తకం తయారు చేసినవాళ్ళకి ఆ సంగతి తెలుసో లేదో రెండు మూడు పేజీల్లోనే చెప్పేయొచ్చు.

ఇన్నీ చూసుకుని వెళ్ళినా అసలు పరీక్ష చాప మీదే. మా పిల్లలు కూర్చునేది పాత ఈతచాపల మీద. కథ పట్టు తప్పితే వాళ్ళు అల్లరేం చేయరు, చాప పుల్లలు పీకడం మొదలుపెడతారు. ఒకడు మొదలుపెడితే పక్కవాడు, వాడి పక్కపిల్ల. నేను చదువుతూనే చేతులవైపు చూస్తుంటాను. ఏ పేజీలో పుల్లలు లేచాయో ఆ పేజీ దగ్గర సన్నపెన్సిలుతో చుక్క పెట్టుకుంటాను. మరోసారి వేరే పిల్లల దగ్గర చదివినప్పుడు కూడా అక్కడే లేస్తే తప్పు పుస్తకానిదే, లేవకపోతే ఆ రోజు ఉక్కపోతదో ఆకలిదో అయ్యుంటుంది. మరీ జారిపోతుంటే మధ్యలోనే పుస్తకం మూసేసి గుడుగుడు గుంచం ఆడించి ఇంకో పుస్తకం తీస్తాను. అందుకే ఎప్పుడూ అదనంగా ఒక పుస్తకం ఒళ్ళో ఉంటుంది. మొదలుపెట్టాం కదా అని చివరిదాకా లాగడం వల్ల ఎవరికీ మేలు జరగదు. పొడుగు కథ ముందు, పిల్లలు ఇంకా కుదురుగా ఉన్నప్పుడే, చిన్న కథలూ చప్పట్ల పాటలూ ఆ తర్వాత.

అమెరికా లైబ్రరీల్లో చంటిపిల్లలకి ఒక వేళ, నడక నేర్చినవాళ్ళకి ఒక వేళ, బడికి వెళ్ళబోయేవాళ్ళకి ఇంకో వేళ అని విడివిడిగా కథల సమయం పెడతారు. అక్కడున్న మన తెలుగువాళ్ళు పిల్లల్ని తీసుకెళ్తుంటారు కూడా. మా దగ్గర అలా కుదరదు. పదేళ్ళ అక్క చంకలో రెండేళ్ళ తమ్ముణ్ణి వేసుకుని వస్తుంది, తమ్ముణ్ణి బయట కూర్చోబెట్టు అంటే అక్క కూడా రాదు. కాబట్టి ఒకే పుస్తకంలో ఇద్దరికీ ఏదో ఒకటి దొరకాలి. మాటలు చిన్నవాడికి, మాటల్లో చెప్పకుండా బొమ్మలో ఓ మూల దాచినది పెద్దపిల్లకి. బాతు వెళ్తోంది వెళ్తోంది అని మాటలు చెబుతుంటాయి, వెనకాలే నక్క వస్తున్నట్టు బొమ్మ మాత్రమే చూపిస్తుంది. అలాంటి పుస్తకం దొరికిందంటే ఆ నెలంతా నాకు టెన్షన్ లేదు.

బొమ్మల్లో ఎవరున్నారో కూడా చూసుకోవాలి. రాక్షసుడంటే నల్లగా, రాకుమారి అంటే తెల్లగా గీసేసి ఊరుకుంటారు. చాప మీద కూర్చున్నవాళ్ళలో ముప్పాతిక మంది నల్లగా ఉన్న పిల్లలే, ఆ పేజీ తీసి వాళ్ళకి చూపించడానికి నాకు చెయ్యి రాదు. అమ్మ ప్రతి పేజీలోనూ పొయ్యి దగ్గరే ఉండే పుస్తకాలు, కుంటివాణ్ణో నత్తివాణ్ణో చూసి అందరూ నవ్వే 'హాస్య' కథలు, సవతి తల్లి అనగానే విషం కలిపే కథలు, వీటినీ తీసేస్తాను. మా పిల్లల్లో సవతి తల్లి దగ్గర పెరుగుతూ హాయిగా ఉన్నవాళ్ళున్నారు. దెయ్యాలు మాత్రం ఉండొచ్చు. దెయ్యాల కథ కావాలని పిల్లలే అడుగుతారు, కాకపోతే వెలుతురు ఉండగానే చదవాలి, దెయ్యం చివరికి ఓడిపోవాలి, లేదంటే నవ్వించాలి. పండగలప్పుడు ఆ పండగ కథ ఒకటి ఉంటుంది, సంక్రాంతికీ రంజానుకీ క్రిస్మస్‌కీ, మా చాప మీద అన్ని ఇళ్ళ పిల్లలూ ఉంటారు మరి.

తల్లిదండ్రులు కొందరు 'ఇంగ్లీషువి చదవండి మేడమ్, పనికొస్తుంది' అంటారు. వాళ్ళ తొందర నాకు తెలుసు, ఫీజులు కడుతున్నారు. రెండు భాషల్లోనూ అచ్చైన పుస్తకాలు తూలిక, ప్రథమ్ లాంటి ప్రచురణకర్తలవి ఉన్నాయి, అవి ఇంటికి తీసుకెళ్ళడానికి ఇస్తాను. కథల గంటలో మాత్రం తెలుగే. అర్థం కాని భాషలో బొమ్మలు చూడటమైతే ఫోన్లో రోజూ జరుగుతూనే ఉంది.

ఇప్పుడు అసలు గొడవ. ఇంత చూసి ఏరాలంటే ఏరుకోవడానికి పుస్తకాలుండాలి కదా. శాఖా గ్రంథాలయానికి పుస్తకాలు పైనుంచి కట్టలుగా వస్తాయి. ఆ కట్టల్లో పోటీ పరీక్షల పుస్తకాలు దండిగా ఉంటాయి, వద్దనను, నిరుద్యోగులకి అవి కావాలి. పిల్లలవి అని వచ్చేవాటిలో ఎక్కువభాగం చిన్న అక్షరాల నీతికథలు, మహనీయుల జీవితాలు, జనరల్ నాలెడ్జ్. ధరా పేజీలూ డిస్కౌంటూ పక్కపక్కన పెట్టి చూస్తే పదహారు పేజీల రంగుల బొమ్మల పుస్తకం ఎప్పటికీ గెలవదు. అదే ధరకి నూటఇరవై పేజీల నీతికథలు వస్తుంటే కొనేవాళ్ళు అటే మొగ్గుతారు. బొమ్మల పుస్తకం పదహారో ఇరవై నాలుగో పేజీలే ఉంటుందనీ, అచ్చు ఫారాల లెక్కన, అంటే ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే పేజీల లెక్కన, అలాగే తయారవుతుందనీ, అది దాని లోపం కాదనీ ఎవరో ఒకరు చెప్పాలి.

వచ్చినవాటి గతి ఇంకా చూడాలి. నేను ఉద్యోగంలో ఉండగా ఒకసారి చక్కటి బొమ్మల పుస్తకాలు కొన్ని వచ్చాయి, పల్చగా ఉన్నాయి చిరిగిపోతాయని వాటన్నిటినీ కలిపి ఒక్క బైండుగా కుట్టించి పంపారు. దారం లోపలికంటా పోయి, రెండు పేజీల మీదుగా పరుచుకున్న ఏనుగు నడుం దగ్గర మాయమైపోయింది. తలా తోకా మాత్రం మిగిలాయి. ఆ బైండు ఎత్తి పిల్లలకి చూపించాలంటే రెండు చేతులూ కావాలి, ఇక పేజీ తిప్పేదెవరు? రబ్బరు ముద్ర సంగతి సరేసరి, సరిగ్గా కుందేలు మొహం మీద పడుతుంది. పుస్తకం పోతే ఎవరు కట్టాలన్న భయం ఒకటి. స్టాకు తనిఖీలో లెక్క తగ్గితే గ్రంథపాలకుడి మెడకే చుట్టుకుంటుంది కాబట్టి కొత్తవాటిని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళు చాలామంది, వాళ్ళని నేను తప్పుపట్టలేను. కానీ ఇదే మా జిల్లాలో పెదపాలెం నుంచి 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవకెత్తి కాలవ వెంబడి ఊళ్ళకి పంపారు. ఆ పుస్తకాలూ తడిసే ఉంటాయి, కొన్ని తిరిగి రాకుండా పోయే ఉంటాయి. పిల్లల పుస్తకం చిరిగిందంటే దాన్ని చదివారని అర్థం, కొన్నేళ్ళు వాడాక రద్దు చేసి కొత్తది కొనుక్కోవచ్చని ఒక్క ఉత్తర్వు ఉంటే చాలు, సగం బీరువాలు తెరుచుకుంటాయి.

డబ్బు లేదంటారు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నే. అది స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకి వేళకి చేరదన్న వార్త మీ పత్రికలోనే చాలాసార్లు చూశాను, అది వేరే పోరాటం, ఇక్కడ ఎత్తుకోను.

నేను అడిగేది చిన్నది. పిల్లల పుస్తకాల కోసం కేటాయించే మొత్తంలో కొంత, ఎంతైనా సరే, కథలు చదివే గ్రంథపాలకుల చేతికే ఇవ్వండి. జనవరిలో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది, డిసెంబరులో హైదరాబాదులో బుక్ ఫెయిర్. నేషనల్ బుక్ ట్రస్టు దగ్గర్నుంచి చిన్న చిన్న ప్రచురణకర్తల దాకా చాలామంది ఒక్కచోట దొరుకుతారు. ఒక్కరోజు ఆన్ డ్యూటీ ఇచ్చి పంపితే స్టాల్ దగ్గరే నిలబడి నాలుగు పేజీలు పైకి చదివి, నోటికి తగిలినవి వదిలేసి, మిగతావి కొనుక్కుని బిల్లుతో సహా వస్తారు. వేసవి శిబిరాల్లో, 'చదవడం మాకిష్టం' లాంటి కార్యక్రమాల్లో కథలు చెప్పండి చెప్పండి అని సర్క్యులర్లు పంపేవాళ్ళు ఈ ఒక్క వెసులుబాటు ఇస్తే చాలు. పుస్తకాల వెనక అట్ట మీద ముద్ర వేసుకోండి, అభ్యంతరం లేదు. బైండింగుకి మాత్రం దయచేసి పంపకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకురాలు,
గుంటూరు జిల్లా